కొస వదలని ముడి

మా నాయన కడప జిల్లాలో నేతగాడు. చేతులు వణుకుతున్నాయని, నేతకు పడుగు నూలు ఇచ్చే ఆసామి కొన్నాళ్లు ఆగమన్నాడు. ఆ దిగులుతోనే నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున ఉన్న మా ఇంటికి వచ్చాడు. వచ్చిన మర్నాడే గాలం అడిగాడు. పెన్నలో నీళ్లున్న రోజుల్లో ఇసుకలో కూర్చుని గాలం వేసిన మనిషి మరి.

"ఒక్క చేప పడితే చాలు పాపా. నా చేతులు పనికొస్తాయో లేదో తెలుస్తాది. మగ్గం ఉంచాల్నో తీసేయాల్నో అప్పుడు చూస్తా," అన్నాడు. మగ్గానికీ చేపకూ ఏం సంబంధమని నేను నవ్వాను.

నైలాన్ దారానికి సీసపు గుండునూ గాలాన్నీ తనే కట్టుకున్నాడు. కట్టాక కొసను ముడి దాకా పళ్లతో కొరికేశాడు. మగ్గం మీద తెగిన పోగు ముడేసినా అంతే. కొస మిగిలితే, పోగులు దూరే పన్నెలో తట్టుకుంటుంది.

రెండు రోజులు ఏమీ పడలేదు. మూడో రోజు పొద్దున, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, అల విరిగే చోటు దాటేలా విసిరాడు. దారం ఒక్కసారిగా బిగిసింది. నాయన వెనక్కి నడుస్తూ లాగాడు. నురగలో మూరెడు పండుగప్ప పొర్లింది. దాని తెల్లటి పొట్ట నేనూ చూశాను. అంతలోనే దారం వదులైంది. గుండు ఉంది, గాలం లేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ముడి కూడా సరిగ్గా వేయలేకపోతే ఎట్ల నాయనా!" అనేశాను. చేప పోయిందన్న ఉక్రోషం, అంతే. నాయన తడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఆరిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే బస్సెక్కాడు.

వారం తర్వాత, ఒడ్డున వల బాగుచేసుకునే పెద్దాయనకు ఆ దారం ఇచ్చేద్దామని తీసుకెళ్లాను. ఆయన గుండు దగ్గరి ముడిని గోటితో తడిమాడు.

"ఎవరు కట్టిందమ్మా ఇది? ఇంత సన్నటి ముడి మాకు రాదు."

"మా నాయన. చేతులు వణుకుతాయి. గాలం ముడి ఊడిపోయింది."

"వణికినా, ముడి ఏం చెడలేదమ్మా. గాలం దగ్గర కూడా ఇట్లాగే కొస మరీ దగ్గరగా కొరికేసుంటాడు. నైలాన్ నున్నగా ఉంటుంది కదా, కొస లేకపోతే జారిపోద్ది."

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడి నుంచే ఫోన్ చేసి, తప్పు నీ చేతులది కాదు నాయనా అని అంతా చెప్పాను.

"అట్లనా పాపా," అన్నాడు. "నిన్ననే మగ్గం విప్పేసినా. కట్టెలు పొయ్యి కాడ ఉండాయి."