దానియేలు మావయ్య మూడు లెన్సులు

వంటింట్లో మా ఆవిడ ఉప్పు డబ్బాలో వెయ్యడానికి గుప్పెడు బియ్యం వేయిస్తోంది. ఆ వాసన ముందుగదిలోకి వచ్చేసరికి చేతిలో పేపరు పక్కన పెట్టేశాను. నాకది దానియేలు మావయ్య ఇంటి వాసన. ఆయనకి నేనొక అబద్ధం చెప్పాను. పెద్దదేం కాదు, ఒక్క వాక్యం. రాయపూర్ నుంచి నా మొదటి కెమెరా కొనుక్కొచ్చిన రోజు సాయంత్రం, ఆయన గుమ్మంలో నిలబడి చెప్పాను. ఇన్నేళ్లలో అంతకన్నా పెద్ద తప్పులు చేశాను గానీ, నిద్రపట్టనప్పుడు గుర్తొచ్చేది మాత్రం అదే.

మావయ్య మాకు చుట్టం కాదు. వాళ్లు భీమిలి నుంచి వచ్చిన క్రైస్తవులు, మాది విజయనగరం వైపు. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ, సెక్టర్ 2లో పక్కపక్క క్వార్టర్లు కావడంతో పుట్టిన వరస అది. ఆయన ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు క్రేన్ నడిపి, సెలవు రోజుల్లో తెలుగు వాళ్ల పెళ్లిళ్లకీ బాప్తిస్మాలకీ ఫొటోలు తీసేవాడు. రిటైరయ్యాక భిలాయిలోనే రుఆబాంధా అనే పేటలో చిన్న ఇంటికి మారాడు. ఆయన దగ్గర మూడు లెన్సులుండేవి, మూడు ఏళ్ల బోనస్సులతో ఒక్కొక్కటిగా కొన్నవి. వానాకాలం తేమకి లెన్సు లోపల బూజు పడుతుందని వాటిని స్టీలు డబ్బాలో, వేయించిన బియ్యం మూటతో పాటు ఉంచేవాడు. పదిరోజులకోసారి ఆ బియ్యం మళ్లీ వేయించేవాడు.

నేను ఉద్యోగంలో చేరే నాటికి ఫిల్ము కడిగే కొట్లు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. శుక్లాల ఆపరేషన్ సరిగా కుదరక ఆయన కుడికన్ను మసకబారింది. చేత్తో ఫోకస్ తిప్పే ఆ లెన్సులతో ఇక ఆయన ఫొటో తియ్యలేడు. దుర్గ్ నుంచి ఒక వ్యాపారి వచ్చి అడిగితే ఇవ్వలేదు. అవి ఎవరి చేతిలోనైనా పని చేస్తూ ఉండాలి, అంతే ఆయన కోరిక. ఆ చెయ్యి నాదని ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చి ఆరేడేళ్లయింది. రాయపూర్‌లో నెలకో కొత్త షోరూమ్ తెరుస్తున్నారు. కొత్తగా ఫొటోలు తియ్యడం మొదలుపెట్టేవాళ్లు కొనగలిగే డిజిటల్ కెమెరాలు ముఖ్యంగా రెండు కంపెనీలవి. మెడలో వేసుకునే పట్టీ రంగుని బట్టి మా ఆఫీసులో వాటిని పసుపు పట్టీ, ఎర్ర పట్టీ అనేవాళ్లం. వాటి మీద వాదనలు ఎన్నికల పార్టీల మీద వాదనల్లా సాగేవి. నేను నెట్ సెంటర్లో గంటలకొద్దీ కూర్చుని మెగాపిక్సెళ్ల పట్టికలు ప్రింటు తీసుకునేవాణ్ణి. ఒకసారి ఆ కాగితాలు తీసుకెళ్లి చూపిస్తే మావయ్య వాటిని మడిచి నా జేబులోనే పెట్టాడు.

"క్రేన్ లివరు సూసి పట్టుకుంటే కింద మనుసులు పోతారు. సెయ్యికి తెలియాల. కొట్లో రెండూ అడుగు, కళ్లు మూసుకో, ఏలు ఎక్కడికెల్తందో సూడు. అదే నీది."

ఆ తర్వాత, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, పసుపు పట్టీ వాళ్లు తన చిన్నప్పటి నుంచీ లెన్సు బిగించే కెమెరా మూతి మార్చలేదనీ, కొత్తదానికి కూడా తన లెన్సులు సరిపోతాయనీ చెప్పాడు.

రాయపూర్ కొట్లో నేను కళ్లు మూసుకున్నాను. పసుపు పట్టీది నా చేతిలో సరిగ్గా కూర్చుంది, వేలు వెతక్కుండానే చక్రం మీదికి వెళ్లింది. అయినా ఆయన లెన్సులు పట్టని ఎర్ర పట్టీది కొన్నాను. దానికి రెండు మెగాపిక్సెళ్లు ఎక్కువ, ఆఫీసులో ఇద్దరి దగ్గర అదే ఉంది. అసలు కారణం అది కూడా కాదు. నాకు ఆయన పాత సామాను వద్దు. దానియేలు గారి శిష్యుడు అనిపించుకోవడం వద్దు. అట్టపెట్టెలోంచి వచ్చినవన్నీ కొత్తగా, నావిగా ఉండాలి.

ఆ సాయంత్రం గుమ్మంలో ఆయన నా మెడలో ఎర్ర పట్టీ చూశాడు. ఆయన ఏదీ అడగకముందే, "పసుపుది స్టాకు లేదంట మావయ్యా, రెండు నెల్లు పడతాదంట" అన్నాను. అలాగా అని, కెమెరా చేతిలోకి తీసుకుని, బాగుందిరా అని తిరిగిచ్చాడు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం రెండింటికి, భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో లోకల్ రైలు దిగుతూ కనిపించాడు. నెత్తిమీద తడి తువ్వాలు, చంకలో గుడ్డసంచీ. సంచీలో లెన్సు ఉందని ఆకారం చూస్తేనే తెలిసింది. ముఖం ఎండకి కందిపోయింది. నన్ను చూసి నవ్వాడు.

"రాయపూరెల్లొచ్చాన్రా. ఆ పసుపుది ఇయాలే ఒచ్చిందంట. నాకే తొందరెక్కువ అనుకున్నాను, నీకు ఇంకా ఎక్కువ."

లెన్సు సరిపోతుందో లేదో చూసుకుందామని వెళ్లాడట. సరిపోయిందట.

నెల తర్వాత ఒక లెన్సు మూత కోసం అదే కొట్టుకి వెళ్తే కొట్టతను మీ అంకుల్ వచ్చారని చెప్పాడు. పసుపుది హోలీ ముందు నుంచీ అద్దాల బీరువాలోనే ఉందనీ, మీ కుర్రాడు రెండూ పట్టుకుని చూసే ఇది తీసుకున్నాడనీ ఆయనకి చెప్పాడట. అంటే స్టేషన్లో నన్ను చూసేసరికే మావయ్యకి అన్నీ తెలుసు. నా అబద్ధానికి ఆయనే అతుకు వేశాడు. ఆ వానాకాలమంతా నేను రుఆబాంధా వైపు వెళ్లలేదు. సిగ్గుపడ్డానని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి తప్పించుకు తిరిగాను.

రెండు కంపెనీల మూతులకీ మధ్య చిన్న ఉంగరం లాంటిది పెడితే ఒకదాని లెన్సు ఇంకోదానికి పడుతుందని ఎక్కడో చదివాను. అలాంటిది ఎక్కడ కొనాలో అప్పుడు మాకు తెలియదు. భిలాయిలో లేతు మిషన్లకి మాత్రం కొదవ లేదు. దుర్గ్‌లో రిపేరు కొట్టు నుంచి కొలత కోసం రెండు కంపెనీల పాడైన లెన్సులు అడిగి తెచ్చి, మిల్లులో పనిచేసి రిటైరైన అప్పలస్వామి షెడ్డుకి వెళ్లాను. టన్నుల రోలర్లు తిప్పిన సేతితో గాజులు సేయమంటావేటని ఎకసెక్కెమాడాడు. రెండు పాడుచేశాడు. మూడోది పట్టింది గానీ గోరుమందం ఎక్కువైంది. దాన్ని పెట్టి తీస్తే ఆరేడడుగులు దాటిందేదీ స్పష్టంగా రాదు.

అదే పట్టుకుని మావయ్య దగ్గరికి వెళ్లాను. ఉంగరం ఆయన చేతిలో పెట్టి, స్టాకు ఉండగానే లేదని చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన ఉంగరాన్ని వేలితో తడుముతూ కూర్చున్నాడు.

"ఉంటే ఉండొచ్చులే. ఆ కొట్టోడు నాకేటీ సెప్పనేదు."

మళ్లీ నా అబద్ధాన్ని దాస్తున్నాడు. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు. "చెప్పాడు మావయ్యా. మీకు చెప్పానని నాతో అన్నాడు."

ఉంగరం మీంచి వేలు తియ్యకుండానే, "ఎండ మాత్రం గట్టిగా కాసిందిరా ఆరోజు" అన్నాడు. నన్ను ఆయన నిష్ఠూరంగా అన్న మాట జీవితంలో అదొక్కటే. తర్వాత లేచి లెన్సుల డబ్బా తెచ్చాడు.

ఆ ఆదివారం నుంచి ఆయన పోయేదాకా, రెండేళ్లపాటు, స్కూటర్ మీద ఆయన్ని చర్చికి తీసుకెళ్లాను. ప్రార్థన అయ్యాక మెట్ల దగ్గర ఆయన నా భుజం మీద చెయ్యేసి నిలబడి, దగ్గరికి రావే, ఇంకా దగ్గరికి, అని ఒక్కొక్కరినీ పిలిచేవాడు. చాలామంది ఒకప్పుడు ఆయన చేత పెళ్లిఫొటోలు తీయించుకున్నవాళ్లే, ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్లు. నేను చేత్తో ఫోకస్ తిప్పి వాళ్ల ముఖాలు తీసి, తర్వాతి వారం ఫొటోలు వాళ్ల చేతికిచ్చేవాణ్ణి. ఆయన పోయాక కూడా వెళ్తున్నాను. సరైన కొలతతో చేసిన ఉంగరాలు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి. నేను కొనలేదు, ఆ పాత ఉంగరంతోనే దగ్గరికి పిలిచి తీస్తున్నాను. ఒక మనిషి కోసం ఇంకో మనిషి ఆ ఎండలో తిరిగినదానికి ఇది చాలదని తెలుసు. తెలిసే, ఆదివారం పొద్దున్న బండి తీస్తాను.