ఎర్రచుక్కల చార్టుకు ఇన్‌వార్డు నంబరు

మా పెద్దమ్మను ఆఫీసులో అందరూ నంబరమ్మ అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆమెది ఒకటే పని. ఆ ఆఫీసుకు వచ్చే ప్రతి కాగితం ముందు ఆమె బల్ల మీదికి రావాలి. ఆమె దాని మీద తేదీ ముద్ర వేసి, పక్కన ఇన్‌వార్డు నంబరు రాసి, లావుపాటి రిజిస్టరులోకి ఎక్కించి, సంబంధించిన సెక్షనుకు పంపుతుంది. బయటినుంచి వచ్చిందైనా సరే, లోపల పుట్టిందైనా సరే, సంతకమూ సీలూ ఉంటే నంబరు పడాల్సిందే. ఒకసారి నంబరు పడ్డాక ఆ కాగితాన్ని చింపకూడదు, పారేయకూడదు. పదిహేను రోజుల్లో ఎవరో ఒకరు జవాబు రాయాలి. రాయకపోతే అది పెండింగు జాబితాలో చేరి పై ఆఫీసుకు వెళుతుంది.

ఆమె గది మెట్ల కింద ఉంటుంది. కిటికీ లేదు. పైన ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో చెప్పుల చప్పుడును బట్టి చెప్పేస్తుంది. బల్ల మీద జిగురు సీసా, ఆరిపోతే రెండు నీటిచుక్కలతో మళ్లీ బతికించే ఇంకు ప్యాడు. కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ ఊదారంగులోనే ఉంటుంది.

నంబరు వేయడానికి కాగితం చదవక్కర్లేదు. పెద్దమ్మ మాత్రం చదువుతుంది, అదీ చివరి పేజీ దాకా. ఉద్యోగుల విరాళాల సర్క్యులర్‌ను పూర్తిగా చదివిన మనిషి ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే కావడానికి కారణం ఇదే.

ఆ సర్క్యులర్ ఏటా వస్తుంది. మొదటి పేజీలో విజ్ఞప్తి, పిల్లల ఆసుపత్రి ఫొటో. దాన్ని జిరాక్సు తీసి అందరికీ పంచుతారు. రెండో పేజీలో నిబంధనలు. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఉద్యోగి ఇష్టం. పై అధికారి తన కింద పనిచేసేవారిని స్వయంగా అడగకూడదు. ఎవరిచ్చారో, ఎవరివ్వలేదో బయటపెట్టకూడదు. అంటించిన కవరులో ఇవ్వవచ్చు. ఇవ్వనందువల్ల ఎవరి ఉద్యోగానికీ ఇబ్బంది రాకూడదు. ఈ పేజీని ఎవరూ జిరాక్సు తీయరు.

ఆ ఏడు కొత్త ఆఫీసరు వచ్చాడు. నూటికి నూరుశాతం మంది ఇచ్చిన ఆఫీసుకు షీల్డు ఇస్తారట. ఆయనకు ఆ షీల్డు కావాలి. మంచినీళ్ల ఫిల్టరు పక్క గోడకు పెద్ద చార్టు అంటింపజేశాడు. అందరి పేర్లూ వరసగా. ఇచ్చినవాళ్లకు పచ్చచుక్క, ఇవ్వనివాళ్లకు ఎర్రచుక్క. అడుగున తన సంతకం, గుండ్రటి సీలు. దేనికైనా సంతకం పెట్టి సీలు కొట్టడం ఆయనకు అలవాటు.

ఆ నెలాఖరులోనే సూపరింటెండెంటు పోస్టుకు ఒక పేరు పంపాలి. సీనియారిటీలో పెద్దమ్మే ముందు. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలే ఉన్నాయి కాబట్టి ఈసారి తప్పితే ఆమెకు ఇక లేదు. పేరు పంపాల్సింది ఆ ఆఫీసరే.

"నంబరమ్మగారూ, మీ పేరు దగ్గర ఎర్రలైటు వెలుగుతోందండీ," అన్నాడు క్యాషియరు నీళ్లు పట్టుకుంటూ.

"మీది పచ్చలైటేగా, కదలండి మరి. వెనక జనం ఆగిపోయారు," అంది పెద్దమ్మ తన గ్లాసు ముందుకు పెట్టి.

ఆమె అంతటితో ఊరుకునేదే. తన చుక్క ఏ రంగులో ఉందో ఆమెకు పట్టలేదు. కానీ మధ్యాహ్నం ఊడ్చే ఆవిడ చీపురు గుమ్మంలో ఆనించి లోపలికి వచ్చింది. చార్టులో ఆఖరి పేరు ఆవిడది. చదువు రాదు.

"అక్కా, నా పేరు ముందర ఎర్రచుక్క పెట్టారంట. నేనేం తప్పు చేశానక్కా?"

"తప్పేం లేదు. డబ్బివ్వలేదని పెట్టారు."

"తీసేస్తారా నన్ను? జీతంలో పట్టుకోమని ఈ ఫారం మీద వేలిముద్ర వేస్తే పచ్చగా మారుస్తానన్నాడు క్యాషియరు సారు. వేసెయ్యనా?"

పెద్దమ్మ ఆ ఫారం వైపు చూడలేదు. లేచి వెళ్లి, గోడమీది చార్టును నాలుగు మూలలా గోటితో లేపి, చిరగకుండా ఊడదీసి తెచ్చింది. బల్ల మీద పరిచి తేదీ ముద్ర వేసింది. నంబరు రాసింది, 2117. రిజిస్టరులోకి ఎక్కించింది. ఒక తెల్లకాగితం మీద, "ఈ జాబితా ఏ నిబంధన ప్రకారం ప్రదర్శించారో తెలుపగలరు. సర్క్యులర్ రెండో పేజీ జతచేయడమైనది," అని రాసి, ఫైలు కట్టి, ఆఫీసరు బల్ల మీదికి పంపింది.

పావుగంటలో పిలుపు వచ్చింది. ఆ గదిలో జరిగింది పెద్దమ్మ చెబితే కొంత, తలుపు దగ్గర నిలబడి విన్న క్యాషియరు చెబితే కొంత తెలిసింది. ఇద్దరి మాటా ఒకటే కాబట్టి నమ్ముతున్నాను.

"ఏంటండీ ఇది?"

"ఇన్‌వార్డు నంబరు సార్."

"అది కనపడుతోంది. నా చార్టు మీద ఎందుకుందీ అని."

"మీ సంతకముంది, సీలుంది. అలాంటి కాగితం నంబరు లేకుండా వదిలేస్తే నాకు మెమో ఇస్తారు సార్."

"చింపేయండి."

"నంబరు పడింది కదా సార్. చింపమని రాసివ్వండి, ఇక్కడే చింపేస్తా."

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. మళ్లీ పెట్టేశాడు. రెండో పేజీ చదివాడు. అలాంటి పేజీ ఒకటుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

"ఇలాంటివన్నీ ఊరికే రాస్తారమ్మా. పసిపిల్లల ఆసుపత్రి. వాళ్లకి ఇవ్వడానికి కూడా మీకు చేతులు రావట్లేదా?"

"ఇచ్చానో లేదో మీకు చెప్పక్కర్లేదని అందులోనే ఉంది సార్. పిల్లల్ని చూసి ఇవ్వడం వేరు, గోడను చూసి ఇవ్వడం వేరు. కింద ఊడ్చే ఆవిడ తనేదో తప్పు చేశాననుకుని వణికిపోతోంది."

ఆయన గొంతు తగ్గించాడు. "నెలాఖరుకి పేరు పంపాలి, తెలుసుగా. రిజిస్టరులో ఆ ఒక్క లైను కొట్టేసి, పొరపాటున ఎక్కించానని చిన్న సంతకం పెట్టండి. మీకూ నాకూ గొడవుండదు."

"నా రిజిస్టర్లన్నీ తిరగేసి, ఒక్క కొట్టివేత చూపించండి సార్."

"అంటే ప్రమోషను వద్దా?"

"కావాలి సార్. చాలా కావాలి. సూపరింటెండెంటు గదికి కిటికీలు రెండు."

"మరి?"

"మరేం లేదు. పదిహేను రోజులు టైముంది. జవాబు పెట్టండి."

సాయంత్రం ఇంట్లో పెదనాన్న తల పట్టుకున్నాడు. ఆయన లారీ మెకానిక్కు. ఏ గొడవనైనా రెండు మరలు బిగిస్తే సరిపోతుందనుకుంటాడు.

"ఒక గీతే కదే! గీసేస్తే పోయేదిగా."

"కాగితం మీద గీత కాదయ్యా అది. నేనే పొరపాటు మనిషినని నా చేత్తో రాసుకోవడం."

"అయితే పద్నాలుగు నెలలూ ఆ మెట్ల కింద గూట్లోనే పడుంటావా?"

"ఉంటా. నా గూడు నాది."

"నీ మొండితనానిక్కూడా నంబరు వేసి పై ఆఫీసుకి పంపు, షీల్డిస్తారు," అన్నాడు పెదనాన్న. ఆమె ఫక్కున నవ్వింది. తర్వాత చేతులు కడుక్కుంటానని వెళ్లి చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడింది. ఇంకు పోదని ఆమెకు తెలుసు.

పదిహేనో రోజున ఆఫీసరు జవాబు రెండు లైన్లలో వచ్చింది. జాబితా తొలగించడమైనది. విరాళం పూర్తిగా ఐచ్ఛికం. ఊడ్చే ఆవిడకు పెద్దమ్మ అది చదివి వినిపించింది.

"అయితే ఈ ఫారం ఏం చెయ్యనక్కా?"

"నీ ఇష్టం. వేలిముద్ర వేస్తావో, చింపుతావో. అడిగేవాడు లేడు."

ఆవిడ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న పెద్దమ్మ బల్ల కాలి కింద దోపింది. "ఈ బల్ల ఊగడం ఎప్పట్నించో చూస్తున్నా," అంది.

షీల్డు ఇంకో ఆఫీసుకు పోయింది. నెలాఖరున వెళ్లిన పేరు క్యాషియరుది. అతను మెట్ల కిందికి వచ్చి తలొంచుకుని నిలబడ్డాడు.

"నేను అడగలేదండీ. ఒట్టు."

"తెలుసులే. ఆ గదిలో ఎడంవైపు కిటికీ గడియ తుప్పు పట్టింది. నూనె వేయించుకో, లేకపోతే తెరుచుకోదు."

అతను ఇంకేదో అనబోయాడు. పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుని, పెన్ను తీసుకుని, మెట్లెక్కింది. ఆఫీసరు గది తలుపు తట్టి లోపలికి వెళ్లింది.

"సీనియారిటీలో ముందున్న నా పేరు ఎందుకు పంపలేదో రాసివ్వండి సార్."

"అన్నీ రాసే ఇవ్వాలా మీకు?"

"ఆఫీసు కదా సార్."

ఆయన కూర్చోమనలేదు. పెద్దమ్మే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తొందరేం లేదు. బాగా ఆలోచించుకునే రాయండి. నాకింకా పదమూడు నెలల సర్వీసుంది."