ఆర్లో మైనపు దారం

ప్రతి శుక్రవారం పొద్దున ఆర్లో పార్కు పటాన్ని వంటింటి బల్లమీద పరిచి, కాలిబాట వంపుల వెంట మైనం రాసిన దారాన్ని బొటనవేలితో అదుముకుంటూ పోతాడు. తర్వాత దారాన్ని సాగదీసి కొలిస్తే మైళ్లు తేలతాయి. నలభై ఏళ్లుగా శనివారం నడకలన్నీ అతనే ముందుండి నడిపాడు. కొండమీద మూడు బాటలు తవ్వినవాడు, దారి తప్పినవాళ్లను రెండుసార్లు మంచులోంచి వెతికి తెచ్చినవాడు. ఈ వారం మాత్రం దారాన్ని విసిరికొట్టాడు. నడక సంఘం కార్యదర్శి మేవిస్ తెచ్చిన రేపటి నడక వరస కాగితంలో అతని పేరు అందరికన్నా వెనక ఉంది.

"నేను తోకనా?"

"డెబ్బై దాటినవాళ్లు ముందు నడవకూడదు కదా బాబాయ్. ఆ నియమం రాసింది నువ్వే, నీకు ముందు నడిపిన క్లెటస్‌ని దించడానికి."

"క్లెటస్‌కి చూపు ఆనేది కాదే! నాకేం రోగం?"

"ఆయనా అప్పుడు ఇదే అడిగాడు."

ఆర్లో చెవులు ఎర్రబడ్డాయి. క్లెటస్ ఆ తర్వాత మళ్లీ కొండెక్కలేదు. ఆర్లో పళ్లు కొరుకుతూ వంగి, దారం ఏరుకుని మళ్లీ పటంమీద పెట్టాడు.

"చివరివాడు దిగొచ్చి పుస్తకంలో సంతకం పెట్టేదాకా ఎవరూ కారెక్కకూడదు. అదీ నేను రాసిందే. గుర్తుందా?"

"ఉంది."

ఆర్లో పటంలో జలపాతం చుట్టూ పెన్సిలు విరిగేంత గట్టిగా గీత గీశాడు.

"ఇక్కడ నేను రెండు గంటలు కూర్చుని భోంచేస్తాను. ముందు నడిచేవాళ్లను రొట్టెలు ఎక్కువ తెచ్చుకోమను."