పెద్దమ్మ చూసిన డాలర్ కరువు

మొన్న మంగళవారం పొద్దున మా పెద్దమ్మ నల్లగొండ దవాఖానలో కన్నుమూసింది. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ లేదే" అన్నాడు. ఆమె పట్టుబట్టకపోతే ఆ ఫోన్ చేయడానికి వాడు ఇక్కడ ఉండేవాడు కాదేమో. ఆమె పట్టుబట్టనందువల్ల ఇంకొకతను లేడు. ఈ రెండో సంగతి దాచిపెట్టి ఆమెను పొగిడితే ఆమే ఒప్పుకోదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. మా అవ్వ కట్టంగూర్ చుట్టుపక్కల పరాయి పొలాల్లో నాట్లు వేసి ఇద్దరు ఆడపిల్లలను మిషన్ బడిలో చదివించింది. పెద్దమ్మ బ్యాంకు పరీక్ష రాసి, హైదరాబాద్‌లో విదేశీ మారకం చూసే శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక నల్లగొండలో మా మేడమీద గదిలో ఉండేది. పేపరు అందుకోగానే వ్యాపారం పేజీలో డాలర్ ధర చూసేది, ఆ తరవాతే బత్తాయి ఒలుచుకునేది. "ఈడ కూసున్నదానివి, నీకేం పనే డాలర్‌తోని?" అని అమ్మ నవ్వేది. "నీ స్కూటర్ల పెట్రోలు యాడికెళ్లి వస్తదే? గాళ్ళు రూపాయలు తీసుకుంటరా?" అని పెద్దమ్మ అడిగేది.

తమ్ముడు బోరు బండి మీద పనిచేసేవాడు. కొన్నేళ్ళ కిందట ఒక కంపెనీ వాడిని బోర్లు వేయడానికి ఆఫ్రికాలోని ఒక దేశానికి తీసుకుపోయింది. దేవరకొండ దగ్గర ఉండే వాడి స్నేహితుడు కూడా వెళ్ళాడు. మేమంతా ఆయనను అన్నా అని పిలిచేవాళ్ళం. ఆయనకు షుగర్, రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. జీతం అక్కడి నోట్లలో ఇచ్చేవాళ్ళు. దాన్ని అక్కడి బ్యాంకు డాలర్లుగా మార్చి పంపితే ఇక్కడ రూపాయలు చేరేవి. మొదట్లో రెండు రోజులు పట్టేది. తరవాత వారం. ఆ తరవాత మూడు వారాలు.

మేం కంపెనీని తిట్టుకున్నాం. ఒకరోజు తమ్ముడితో మాట్లాడుతుంటే పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"బిడ్డా, పెట్రోలు బంకు కాడ లైను ఉంటాందా?"

"ఉంటాంది పెద్దమ్మా. పొద్దున నిలబడితె పగటి బువ్వ యాళ్లకు దొరుకుతాంది."

"బ్యాంకుల ఏమంటున్నరు?"

"పైసలు ఖాతాల భద్రంగున్నయి, డాలర్లు వచ్చే వారం అంటున్నరు."

"మందుల దుకాణం ఎట్లున్నది?"

"గది నేను చూడలే."

"చూసి రేపు చెప్పు."

ఆ బ్యాంకు మునిగిపోయిందా అని అడిగాను. "లేదు. దాని దగ్గర దాని దేశం నోట్లు మస్తున్నయి. తక్కువైతె వాళ్ళ పెద్ద బ్యాంకు అచ్చు కొట్టిస్తది. డాలర్లు అచ్చు కొట్టుడు దానితోని కాదు గద" అంది. ఆ దేశపు కేంద్ర బ్యాంకు తన నోటు విలువ పడకుండా ఆపడానికి దాచుకున్న డాలర్లు అమ్ముకుంటోందట. వడ్డీ పెంచినా బయటివాళ్ళు డబ్బు తేవడం లేదట. లెక్కలో చూపిస్తున్న నిల్వలో చాలావరకు అప్పు తెచ్చినదేనట. వాళ్ళ నివేదికలు చదివి ఇవన్నీ చెప్పింది. "పక్కింటోళ్ళ బిందెలు తెచ్చి పెట్టుకోని, మాకు నీళ్ళున్నయి అన్నట్టున్నది."

ఆ వారమే అక్కడి అధికారి ఒకాయన టీవీలో భయపడాల్సిందేమీ లేదన్నాడు. తమ్ముడు సంతోషపడి ఆ వీడియో పంపాడు. పెద్దమ్మ రెండుసార్లు చూసింది. "ఫికర్ చెయ్యకుండ్రి అని ఇన్నిసార్లు చెప్తాండు. గిప్పుడు నాకు ఫికరైతాంది" అంది.

మరునాడు తమ్ముడు మందుల దుకాణంలో అరలు సగం ఖాళీగా ఉన్నాయని చెప్పాడు.

"ఈ వారమే వచ్చెయ్" అంది పెద్దమ్మ.

"కంపెనీ మూడు నెలల జీతం బాకీ ఉన్నది. ఎట్ల ఇడిచిపెట్టి రావాలె?"

"విమానాలోళ్ళు గూడ గా నోట్లకే టికెట్లు అమ్ముతున్నరు. గవి డాలర్లుగ మారకుంటె ఎన్ని దినాలు విమానాలు నడుపుతరు? జీతం తర్వాత అడుగుదాం. ముందు నువ్వు రా."

వాడు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు టికెట్ ఫొటో పంపాడు.

అప్పుడే అన్న భార్య దేవరకొండ నుంచి బస్సెక్కి మా ఇంటికొచ్చింది. "అమ్మా, మా ఆయనను గూడ రమ్మనాల్నా? వచ్చే నెల జీతాలన్నీ ఒక్కసారే ఇస్తమన్నరంట" అని అడిగింది. పెద్దమ్మ ఆమెకు చాయ్ ఇచ్చి, "పరిస్థితి చూస్తుండాలె బిడ్డా. ఖచ్చితంగ చెప్పలేం" అంది. ఆమె ధైర్యం తెచ్చుకుని వెళ్ళిపోయింది.

"తమ్మునికి ఒక తీరు, ఆమెకు ఒక తీరు చెప్పినవేంది?" అన్నాను.

"బ్యాంకు సంగతి బయటోళ్ళకు చెప్పొద్దు. ఒక్క మాట పొక్కితె జనం ఉన్న పైసలు గూడ తీస్కోని ఉరుకుతరు. ముప్పై ఏండ్లు గదే నేర్పిండ్రు." అలా అన్నాక ఆమె నా ముఖం చూడలేదు. బస్సు ఇంకా కదిలి ఉండదని నాకు తెలుసు. నేనూ పరుగెత్తలేదు.

తమ్ముడు ఇక్కడ దిగిన పన్నెండో రోజున ఒక విమాన సంస్థ ఆ దేశానికి రావడం మానేసింది. మిగిలినవి వారానికొక విమానమే నడిపాయి. అన్న జేబులో అక్కడి నోట్లున్నాయి, వాటికి టికెట్ రాలేదు, ఇన్సులిన్ రాలేదు. ఇక్కడి నుంచి మేం రూపాయలు కట్టి టికెట్ కొంటే ఐదు వారాల తరవాతి తేదీ దొరికింది. పెద్దమ్మ పాత సహోద్యోగులందరికీ ఫోన్లు చేసింది, రాయబార కార్యాలయానికి ఉత్తరాలు రాసింది, మందు పార్శిల్ పంపింది. పార్శిల్ అక్కడి కస్టమ్స్ గోదాములో ఉండగానే, ప్రయాణానికి ఇంకా తొమ్మిది రోజులుండగా, అన్న పోయాడు.

పెద్దమ్మ దేవరకొండకు వెళ్ళి అన్న భార్య ఎదుట నేలమీద కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను.

"నాకు తెలుసు బిడ్డా. ఆ దినం నీకు చెప్పలే."

"మరెందుకు చెప్పలేదమ్మా?"

ఆ తరవాత పెద్దమ్మ నెలకోసారి ఆ ఇంటికి వెళ్ళివచ్చేది. కొన్నిసార్లు ఆ తలుపు తెరుచుకునేది, కొన్నిసార్లు తెరుచుకునేది కాదు. మొన్న సమాధుల తోటకు అన్న భార్య వచ్చింది. దూరంగా నిలబడి, అందరి తరవాత పిడికెడు మట్టి వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. క్షమించిందో లేదో నాకు తెలియదు.

ఆ చావు తరవాత పెద్దమ్మ మారింది. ఎవరేమడిగినా, "తెలిసినంత చెప్త. తప్పయితె నన్ను తిట్టుండ్రి" అని మొదలుపెట్టి ఏదీ దాచకుండా చెప్పేది. మన దేశం దగ్గర డాలర్ల నిల్వ బాగానే ఉందని కూడా ఆమే చెప్పేది. ఆ ధైర్యం చెప్పేటప్పుడు మాత్రం, టీవీలో చూసిన ఆ అధికారి గుర్తొచ్చేవాడేమో, గొంతు తగ్గించేది.

చివరి వారం దవాఖానలో సూది వేయడానికి వచ్చిన నర్సు చేతిలోంచి మందు డబ్బా అడిగి తీసుకుంది. "తేదీ చూస్తున్నవా అమ్మా? మొన్ననే వచ్చింది, మంచిగనే ఉన్నది" అంది నర్సు.

"తేదీ కాదు బిడ్డా. యాడికెళ్లి వచ్చిందో చూస్తున్న."

షాద్‌నగర్ అని పెద్ద అక్షరాల్లోనే ఉంది. పెద్దమ్మకు అది చాలలేదు, అక్కడ తయారైనా లోపలి ముడిసరుకు ఏ దేశం నుంచి వచ్చిందో ఆమెకు కావాలి. అద్దాలు సర్దుకుని, డబ్బాను కిటికీ వెలుగులోకి ఎత్తి, ఒక్కో వైపు తిప్పుతూ, అన్నిటికన్నా కింద ఉన్న సన్నని అక్షరాలను పెదవులు కదుపుతూ చదువుకుంటోంది.