మామయ్యగారు దులిపిన డే లిలీ

పాతకాలపు డే లిలీ కావాలని నాకెప్పటి నుంచో పిచ్చి. ఇప్పటి రకాల్లా పళ్లెమంత పూలు కాదు, పసుపు రంగులో చిన్న చిన్నవి పూసేది. ఎక్కడి నుంచో దుంప తెప్పించి, గుంటూరు ఎండకి మాడిపోకుండా కుండీ మీద పాత చీర పందిరిలా కట్టి మరీ పెంచాను. ఈ రోజు పొద్దున మొదటి పువ్వు విచ్చింది. సాయంత్రానికే వాడిపోయే పువ్వు కదా, ఫొటో తీద్దామని ఫోన్ కోసం లోపలికి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి మా మామయ్యగారు పువ్వు తెంపి, రేకులు చీల్చి, అరచేతిలో టపటపా దులుపుతున్నారు. జీవితమంతా మిర్చి వేసిన మనిషి. పువ్వు కనిపిస్తే లోపల మిరప పూతని పాడుచేసే తామర పురుగు ఉందేమో దులిపి చూడకుండా ఉండలేరు.

"కంగారేం లేదమ్మాయ్, పురుగు లేదు. చేను శుభ్రంగా ఉంది!" అన్నారు.

"చేనంతా ఆ ఒక్క పువ్వే మామయ్యగారూ!" అన్నాను ఏడుపు గొంతుతో.

పాపం నొచ్చుకున్నారు. మిగతా మొగ్గలకైనా పురుగు పట్టకూడదని, పురుగులు వచ్చి అతుక్కునేలా మిరప చేలో కట్టే పసుపు జిగురు అట్ట ఒకటి తెచ్చి కుండీలో గుచ్చారు.

సాయంత్రం పక్కింటి పిన్నిగారు కళ్లజోడు లేకుండా గోడ మీంచి తొంగి చూశారు.

"పూసిందే నీ లిల్లీ! చిన్న పువ్వన్నావు, ఇంతుందేంటమ్మాయ్?"

"అవునండీ, ఇది వాడిపోదు కూడా" అన్నాను.

చూస్తామంటే చెప్పండి, ఫొటో పెడతాను. అట్టదే ఉంది మరి.