కోపెన్‌హాగెన్‌లో వెనక తలుపు

భార్యాబిడ్డల్ని దగ్గర ఉంచుకుంటే సౌదీ ప్రభుత్వానికి నెలనెలా తలకింత కట్టాలన్న లెవీ వచ్చాక, అల్ ఖోబర్‌లో మా మూడు కుటుంబాలూ ఇళ్లు ఖాళీ చేసి ఇండియా వెళ్లిపోయాయి. మిగిలిన మగవాళ్లం ముగ్గురం ఆ ఊళ్లోనే అల్ అజీజియాలో ఒకే ఫ్లాట్‌లో చేరాం. ఏడాది తర్వాత, శుక్ర శనివారాల సెలవుల్లో కోపెన్‌హాగెన్ చూసొద్దామని కడప మిత్రుడు బయలుదేరదీశాడు. అందరం పిల్లలతో కలిసి వెళ్లాలనుకున్న ఊరది.

విమానం ఎక్కబోతుంటే నా భార్య ఫోన్ చేసింది. పాపను విజయవాడలో బడిలో చేర్చడానికి శనివారం ఆఖరు.

"చేరిస్తే ఇంక అక్కడికి రావడం ఉండదు. ఏ సంగతీ శనివారం లోపు చెప్పండి."

చెబుతానన్నాను. సౌదీలకు ఇన్ని కొలువులివ్వాలన్న నితాఖత్ నిబంధన కింద నా కుర్చీ ఉంటుందో పోతుందో నాకే తెలియదు.

శుక్రవారం కాలువలో పడవెక్కాం. ఒడ్డున రాతిమీద కూర్చున్న మత్స్యకన్య విగ్రహం చూసి కరీంనగర్ మిత్రుడు పెదవి విరిచాడు.

"గింతేనా? మా వాడకట్టు బతుకమ్మ గింతకంటే ఎత్తుంటది."

నవ్వుకుని, ఎవరి ఫోన్లోంచి వాళ్లం ఇళ్లకు ఫొటోలు పంపుకున్నాం.

శనివారం మధ్యాహ్నం భోజనానికి ఒక హోటల్ తలుపు తీయబోతే కరీంనగర్ మిత్రుడు నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగన్నా, లోపల ఆడోళ్లు, పోరగాండ్లు ఉన్నరు. ఇది ఫ్యామిలీ సైడు. మనది ఎనుకకు ఉంటది, రాండ్రి."

సౌదీ హోటళ్లలో అప్పుడు కుటుంబాలకొక తలుపు, ఒంటరి మగవాళ్లకొక తలుపు. ముగ్గురం మారు మాట్లాడకుండా భవనం చుట్టూ నడిచాం. వెనక చెత్తడబ్బాలు, సిగరెట్ తాగుతున్న వంటవాడు. కడప మిత్రుడికి ముందుగా తెలివొచ్చింది.

"ఇది ఖోబర్ కాదు కదప్పా! ఆలుబిడ్డలు వెంట లేకున్నా ముందు వాకిట్లోంచే పోవచ్చు."

వాళ్లిద్దరూ నవ్వుతూ లోపలికి వెళ్లారు. నేను బయటే ఆగాను. మూడేళ్లు పాప చెయ్యి పట్టుకుని కుటుంబాల తలుపులోంచి వెళ్లినవాణ్ణి. ఒక్క ఏడాదిలో ఒంటరివాళ్ల తలుపు వెతుక్కోవడం అలవాటైపోయింది. ఇంకా ఎన్నాళ్లు వాళ్లను ఎటూ కాకుండా ఉంచడం? నా భార్యకు ఫోన్ చేశాను.

"చేర్చేయ్," అన్నాను.

ఆమె ఫోన్ పాపకిచ్చింది.

"నాన్నా, మా స్కూలు బస్సు మందుల షాపు దగ్గర ఆగుతుంది. అమ్మ మొన్ననే చూపించింది. యూనిఫాం కూడా కుట్టించేసింది."

"బాగుందా తల్లీ?" అని అడిగాను.

"కొంచెం వదులు," అంది.