ఎడమ వైపు ఇరవై ఏడు

నాకు అన్నం పెడుతున్న పానా మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి... ఇలాంటివి చెప్పేవాళ్లను చూసి నేనూ నవ్వినవాణ్ణే. ఇరవై ఏళ్లుగా నరసన్నపేట హైవే పక్కన కార్ల ఎసిలు బాగుచేస్తున్నాను. దెయ్యం పట్టిందని తెచ్చిన బండ్లు రెండు మూడు చూశాను. ఒకదాంట్లో ఎలుక చచ్చింది. ఇంకోదాంట్లో వైరు తెగింది. అంతే.

ఇది పోయిన ఏడాది రోహిణి కార్తెలో జరిగింది.

సింహాచలం అని, పోలాకి వైపు సముద్రం ఒడ్డు పల్లెవాడు. పడవల దగ్గర చేపలు కొని బయటికి పంపే వ్యాపారం. చుట్టం కాకపోయినా నన్ను బావ అంటాడు. సెకండ్ హ్యాండ్‌లో పెద్ద కారు కొన్నాడు. ఆటోమేటిక్ ఎసి. అంటే మనం అంకె పెడితే చాలు, ఎంత గాలి రావాలో, ఎంత చల్లగా రావాలో బండే చూసుకుంటుంది. డ్రైవరు వైపు ఒక నాబ్, ఎడమ వైపు కూర్చున్నవాళ్లకు ఇంకో నాబ్. ఎవరి అంకె వాళ్లది.

కానీ ఆ బండి ఎవరి మాటా వినడం లేదు. ఇరవై ఏడు పెట్టినా మంచులాంటి గాలి. ఫ్యాన్ హోరు. ఫ్యాన్ తగ్గించినా ఆ చలి మాత్రం తగ్గదు. గ్యాస్ మార్పించాడు, ఫిల్టర్ మార్పించాడు... ఎక్కడెక్కడో తిరిగి చివరికి నా దగ్గరికి వచ్చాడు. మర్నాడు పొద్దున్న శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి భార్యనూ, ఎనిమిది రోజుల పాపనూ ఇంటికి తేవాలి. బాలింతకు చల్లగాలి తగలకూడదు. ఎసి కట్టేసి అద్దాలు దించుదామంటే ఆ ఎండల్లో పసిగుడ్డుకు వడగాలి. ఎలాగైనా రాత్రికి చేసిపెట్టమని నా చేతులు పట్టుకున్నాడు.

చీకటి పడ్డాకే తెమ్మన్నాను. డాష్‌బోర్డు మీద ఎండను కనిపెట్టే సెన్సర్ ఒకటి ఉంటుంది. ఎండ లేనప్పుడు కూడా తప్పు చేస్తే ఆ దోషం దానిది కాదన్నమాట. ఏడున్నరకు వచ్చాడు. షెడ్డులో నేనూ, వాడూ. ఇంకెవరూ లేరు.

బండి కంప్యూటరు ఏమనుకుంటోందో చూపించే స్కానర్ పెట్టాను. బండి లోపల వేడి ముప్పై తొమ్మిది అని చూపిస్తోంది. నా చేతిలో థర్మామీటర్ పంతొమ్మిది అంటోంది. దొరికింది దొంగ. లోపల ఇంకా మండిపోతోందని అనుకుని బండి చల్లగాలి దంచేస్తోంది. ఆ వేడిని చూసే సెన్సర్ స్టీరింగ్ పక్కన, బొటనవేలంత జాలీ వెనక ఉంటుంది. జాలీలోంచి గాలి పీల్చి చూస్తుంది. టార్చి వేశాను.

జాలీ కనిపించలేదు. దాని మీద ఎండిపోయిన పసుపు ముద్ద. మధ్యలో కుంకుమ. గోటితో కాస్త గీకి చూశాను. గట్టిగా పట్టేసింది. ముద్ద మీద బొటనవేలి గీతలు... స్పష్టంగా ఉన్నాయి.

నాకు ఒళ్లు మండింది. బండికి బొట్టు పెట్టండి, కాదనను, ముక్కు మూసేలా పెడతారా అని వాణ్ణి తిట్టాను. సింహాచలం నవ్వలేదు.

"అది అమ్మ ఏలు, బావా" అన్నాడు.

వాళ్లమ్మ నూకాలమ్మ. నలభై ఏళ్లు నెత్తిన తట్ట పెట్టుకుని ఊరూరా చేపలమ్మిన మనిషి. బండి కొన్న రోజు శ్రీముఖలింగం తీసుకెళ్లి పూజ చేయించారట. పూజారి పెట్టిన బొట్టు ఆమెకు చాలలేదు. తనే పసుపు కలిపి, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ అద్దింది. ఐదు నెలల కిందట పోయింది. మిగతా బొట్లన్నీ చెరిగిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. బండి కడిగేవాళ్లను కూడా దాన్ని ముట్టనివ్వలేదట.

అది మూసుకుపోతే సెన్సర్‌కు గాలి అందదని, డాష్‌బోర్డు లోపలి వేడినే బండి వేడి అనుకుంటుందని వాడికి చెప్పాను. విన్నాడు. ఎప్పటి నుంచి ఇలా చల్లగాలి కొడుతూ ఉండి ఉంటుందని అడిగాడు. బొట్టు పెట్టిన రోజు నుంచే అన్నాను. అనకుండా ఉండాల్సింది... వాడు పాత టైరు మీద కూలబడ్డాడు.

"సలిరా అనీది, బావా. బండెక్కినప్పుడల్లా అనీది. ఐసుపెట్టిలో సేపలాగ అయిపోతన్నానురా అనీది. నేను ఇరవై ఏడు పెట్టి సూపించీవోణ్ణి. నంబరు సూడు, నీకే ముసలితనం వచ్చీసింది, ఊరుకో అనీవోణ్ణి."

ఎడమ సీటు మీద పొందూరు ఖద్దరు దుప్పటి ఒకటి మడతపెట్టి ఉంది. ఆమె దాన్ని కప్పుకుని కూర్చునేదట. ఇరవై ఏడు దాకా ఎన్ని మెట్లో కొడుకు చూపించాడు కాబట్టి, చదువు రాకపోయినా నాబ్‌ను తనే ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ తిప్పుకునేదట. తిప్పుకుని, చలిలోనే కూర్చునేది.

బండిదే దోషమని నీకేం తెలుసురా అన్నాను. ఎవరికి మాత్రం ఏం తెలుసు. కానీ పొద్దున్నకల్లా పాప ఆ సీటులోనే తల్లి ఒళ్లో ఉంటుంది. తుడవక తప్పదు. ఆ మాట నా నోటితో అనలేక గుడ్డ అందుకున్నాను.

"నువ్వొద్దు. నేనే తుడుస్తాను" అన్నాడు.

ఆ దుప్పటి కొస తడిపి తుడిచాడు. వేలెడంత చోటుకు ఎంతసేపు పట్టిందో. నేను హైవే వైపు తిరిగి నిలబడ్డాను. లారీలు పోతున్నాయి. నా కళ్లు కూడా తడిశాయి, దాచుకోవడమెందుకు.

తర్వాత వాడు భార్యకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లాడు. నేను డ్రైవరు సీటులో కూర్చుని తలుపు వేసుకున్నాను. రెండు వైపులా ఇరవై నాలుగు పెట్టాను. పది నిమిషాలు చూశాను. స్కానర్ ఇరవై నాలుగు, థర్మామీటర్ ఇరవై నాలుగు. ఫ్యాన్ తనంతట తానే నెమ్మదించింది. లోపల నిశ్శబ్దం. మంచి పని చేశాననుకున్నాను.

అప్పుడు...

టిక్.

చాలా చిన్న చప్పుడు. అంకెల పక్కన ఆకుపచ్చ లైటు వెలిగింది. ఎవరైనా ఎడమ నాబ్ తిప్పితేనే ఆ లైటు వెలుగుతుంది. నా ఒక చేతిలో థర్మామీటర్. ఇంకో చేతిలో స్కానర్.

ఎడమ వైపు ఇరవై నాలుగున్నర.

టిక్... ఇరవై ఐదు.

తొందర లేదు. ఒక్కో టిక్కుకీ మధ్య ఊపిరి తీసి వదిలినంత సేపు. టిక్... టిక్... ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ తిప్పుతున్నట్టు. నాబ్ నిజంగా తిరుగుతోందో లేదో ఆ మసక వెలుతురులో తెలియలేదు. చూసే ధైర్యమూ లేదు. చూపు అంకె మీదే ఉండిపోయింది. ఇరవై ఆరు... ఇరవై ఆరున్నర...

ఇరవై ఏడు.

ఆగింది. డాష్‌బోర్డు లోపల గాలి దారి మార్చే ఫ్లాప్ మోటార్ సన్నగా గీమంది. ఎడమ వైపు గాలి మెత్తబడింది. సీటు మీద దుప్పటి అంచు కొద్దిగా కదిలింది. గాలికే కదిలి ఉంటుంది.

భయం వేసింది. కానీ దిగి పరిగెత్తాలనిపించలేదు. బస్సులో పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంటే కాళ్లు సర్దుకుంటామే... అలా కాళ్లు దగ్గరికి తీసుకున్నాను.

"ఇప్పుడు బాగున్నాదా, అమ్మా" అన్నాను.

ఆ మెత్తని గాలి అలాగే వస్తూ ఉంది.

సింహాచలం తలుపు తీసి, అయిందా అని అడిగాడు. అయిందన్నాను. ఎడమ వైపు మళ్లీ ఇరవై నాలుగుకు తిప్పేశాను. మామూలుగానే తిరిగింది. నాబ్ మీద కాస్త పసుపు అంటి ఉంది. అంతకు ముందు గోటితో గీకింది నేనే కదా, నా వేళ్లకూ పసుపు ఉంది. వాడికేమీ చెప్పలేదు.

ఆ రాత్రంతా ఆలోచించాను. సెన్సర్ తప్పు చూపిస్తే గాలి మారుతుంది గానీ, మనం పెట్టిన అంకె మారదు. చేపల ఉప్పునీళ్ల తేమకు నాబ్ లోపల పాడై ఉండొచ్చు. అలాంటివి చూశాను. కానీ అవి పైకీ కిందికీ గెంతుతాయి. ఒక అంకె దగ్గరికి వచ్చి ఆగవు.

మర్నాడు పదకొండింటికి కారు షెడ్డు ముందు ఆగింది. ముందు సీటులో వాడి భార్య గౌరి. చెవుల్లో దూది, తల చుట్టూ గుడ్డ. ఆ పొందూరు దుప్పటిలో పాప.

పని సరిగ్గా అవలేదేమో చూడమన్నాడు సింహాచలం. ఇరవై నాలుగే పెట్టాడట. సింగుపురం దాటేసరికి ఎడమ వైపు దానంతట అదే ఇరవై ఏడు అయిందట. నేను స్క్రూడ్రైవర్ తీసుకుని అటు వైపు వెళ్లి తలుపు తీశాను. ఎడమ గాలి మెత్తగా వస్తోంది. నాబ్ విప్పితే పది నిమిషాల్లో సంగతి తేలిపోతుంది.

గౌరి ఒళ్లో పాపను చూస్తూ నా చెయ్యి ఆపింది.

"ఉండనీ, అన్నయ్యా. గుంట నిద్రోతంది."

సింహాచలం ఆ అంకె వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేసి, చప్పుడు కాకుండా తలుపు వేశాను.

దోషం ఉందని తెలిసీ నేను పంపేసిన బండి అదొక్కటే. ఆ తర్వాత రెండుసార్లు షెడ్డుకు వచ్చింది. నిజంగా నాబ్ దోషమేనేమో... విప్పితే తెలుస్తుంది.

ఇంతవరకూ విప్పలేదు.